స్థాపన డిస్కులందు తెలుగునకు దక్కిన తావు

ప్రాచీన కావ్యమును పరిష్కరింపబూనిన పండితునకు మొట్టమొదట ఎదురగు ప్రశ్న, ఏ వ్రాతప్రతిని ఆధారముగా గైకొనవలెనన్నది. ఒకే కావ్యమునకు పది ప్రతులున్నచో ఆ పదియు ఒక్కటి కావు. ఒకదానిలో ఒక ఆశ్వాసము లోపించును. వేఱొకదానిలో లేఖకుని సొంత పద్యము చేరియుండును. కంప్యూటరునందు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో కూడిన ఆపరేటింగ్ సిస్టమును నెలకొల్పదలచిన వానికిని మొదట ఎదురైనది ఇట్టి ప్రశ్నయే. లినక్సు అను ఒకే పేరు క్రింద పదుల కొలది పంపిణీలు, ఒక్కొక్క పంపిణీకి పలు డిస్కులు వెలువడుచుండగా వానిలో దేనిని చేతబట్టవలెను? వేగము, సౌలభ్యము, యంత్రపు శక్తి మొదలగు కొలతలతో ఈ ప్రశ్నను సాంకేతికులు చర్చించుచునే యున్నారు. భాషాచరిత్ర దృష్టితోను దీనిని చూడవలసియున్నది. హైదరాబాదు నగరపు పడమటి భాగమున హైటెక్ సిటీ వెలసిన 1998 మొదలు, డిస్కు అను వస్తువే క్రమముగా కనుమఱుగగుచున్న నేటి వఱకు, ఏ డిస్కునందు తెలుగునకు ఎంత తావు దక్కినది, ఆ తావును నిర్ణయించినవారెవరు అను విషయమును మేమిచట పరిశీలింపబూనితిమి.

ముందుగా పేరును గూర్చి యొక మాట. రిచర్డ్ స్టాల్మన్ 1983 సెప్టెంబరున గ్నూ ప్రణాళికను ప్రకటించి, 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు అను అనుమతిపత్రమును వెలువరించెను. ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించిన లినక్సు కెర్నెలు మఱుసటి యేడు ఆ అనుమతిపత్రము క్రిందికి వచ్చినది. ఈ ఉద్యమమునకు ఆంగ్లమున వాడు 'ఫ్రీ' అను పదమునకు వెల లేనిదనియు, కట్టు లేనిదనియు రెండర్థములుండుటచే, తమ యుద్దేశము రెండవదేయని ఉద్యమకారులు మాటిమాటికి వివరింపవలసివచ్చినది. తెలుగున ఆ చిక్కు లేదు. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. మన నగరమున ఈ భేదము కేవలము నిఘంటువునకు సంబంధించినది కాకపోవుట గమనింపదగును. దొంగప్రతులు అంగడులయందు స్వల్పమైన వెలకే దొరకుచుండిన కాలమున, వెల లేదన్న ఒక్క కారణముచే లినక్సు డిస్కును కోరినవాడు మిక్కిలి అరుదు. కోరినవారికి వేఱు కారణములుండెను. ఆ కారణములలో మొదటిది ఉద్యోగము. భాష చాల వెనుక వచ్చినది.

1998 నవంబరున ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించెను. అదే సంవత్సరమున గచ్చిబౌలియందు ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ నెలకొన్నది. మైక్రోసాఫ్టు సంస్థయు తన అభివృద్ధి కేంద్రమును హైదరాబాదున తెఱచినది. బండరాళ్ల గుట్టల నడుమ లేచిన ఈ ప్రాంతమునకు క్రమముగా సైబరాబాదు అను పేరు స్థిరపడెను. ఈ భవనములలో కొలువు కోరి తెలుగు జిల్లాలనుండి వచ్చిన యువకులు తొలుత అడుగిడినది మాదాపురమున గాదు, అమీరుపేటయందు. మైత్రీవనము చుట్టుపట్ల గల శిక్షణాలయములలో లినక్సు నేర్చినవాడు రెడ్ హ్యాట్ పరీక్షను దృష్టియందుంచుకొని రెడ్ హ్యాట్ డిస్కులనే కోరెను. 2003 మార్చిలో వెలువడిన రెడ్ హ్యాట్ లినక్సు 9కి స్థాపన డిస్కులు 3. సర్వరు నడపుట నేర్చువానికి తెరమీద తెలుగు కనబడవలసిన పని లేదు. అతడు నల్లని తెరపై ఆంగ్లమున ఆజ్ఞలు వ్రాసెడివాడు. తెలుగు యువకుల శ్రమతో తెలుగు నేలపై పెరిగిన పరిశ్రమయందు తెలుగు అక్షరము లేకుండుట ఎవరికిని లోపముగ తోచకపోవుటకు ఇదియే కారణమని మా తలంపు.

డిస్కును సంపాదించుట సైతము నాడు తేలికైన పని కాదు. ఒక సీడీలో పట్టునది సుమారు 700 మెగాబైట్లు. టెలిఫోను తీగపై సెకనుకు 56 కిలోబిట్ల వేగముతో నడచు మోడెము దానిని దించుకొనుటకు, తీగ ఒక్కసారియు తెగకున్నచో, 29 గంటలు పట్టును. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానము కనీసవేగముగా నిర్ణయించిన 256 కిలోబిట్లతో లెక్కించినను ఆరు గంటలు దాటును. కనుక డిస్కు చేతులు మాఱుచు ప్రయాణించెడి వస్తువైనది. పీసీ క్వెస్ట్, 2003లో ఆరంభమైన లినక్స్ ఫర్ యూ వంటి ఆంగ్ల మాసపత్రికలు డిస్కులను జతపఱచి పంపెడివి. కళాశాలలయందు ఒకడు సంపాదించిన డిస్కునకు పదుగురు నకళ్లు తీసికొనెడివారు. అట్లు నకలు తీయుట నేరము గాకపోవుటయే గాక, అనుమతిపత్రము దానినే ప్రోత్సహించుచుండుట మన విద్యార్థులకు కొత్త అనుభవము.

ఇక తెలుగు లిపి సంగతి. డిస్కునందు తావు కోరుటకు ముందు తెలుగునకు కంప్యూటరునందు ఒక రూపము కావలెను గదా. ఆ పని సైబరాబాదుకన్న మునుపే, చాల దూరమున మొదలైనది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగువారు ఆంగ్లాక్షరములతో తెలుగును టైపు చేయు పద్ధతిని రూపొందించిరి. 'తెలుగు టెక్' అను ముద్రణసాధనమును అచటివారి కృషియే. 1991లో భారతీయ భాషల లిపిసంకేతములకు ఇస్కీ ప్రమాణము వెలువడెను. అదే యేట వెలువడిన యూనికోడు తొలి సంచికయందు తెలుగునకు తావు దొరకెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు నిర్మించిన పోతన 2000, వేమన 2000 అను ఖతులు, పిమ్మట రెడ్ హ్యాట్ సంస్థ వెలువరించిన లోహిత్ ఖతి, స్వేచ్ఛానుమతితో లినక్సు పంపిణీలలో చేరినవి. సంస్కృతమున లోహితమనగా ఎఱుపు. ఎఱ్ఱటోపీ పేరు గల సంస్థకు ఈ నామకరణము చక్కగా కుదిరినది.

పోల్చి చూచుటకు విండోస్ సంగతియు చెప్పవలెను. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఖతి వచ్చెను. ఐనను సంయుక్తాక్షరములు సరిగా కూడుటకు వలసిన ఫైళ్లు మామూలు స్థాపనయందు యంత్రములోనికి ఎక్కెడివి కావు. అమరికలలోనికి పోయి సంక్లిష్ట లిపుల గడిని గుర్తించి, స్థాపన డిస్కును తిరిగి యంత్రమునందుంచినగాని ఒత్తులు ఒత్తులుగా కనబడెడివి కావు. తెలుగు డిస్కునందున్నది, కాని నిద్రించుచున్నది. డిస్కు పోగొట్టుకొన్నవానికి ఆ నిద్ర తీఱదు.

2005 సంవత్సరము ఈ చరిత్రయందు ప్రధానమైనది. ఆ యొక్క యేటిలోనే నాలుగు విధములైన డిస్కులు తెలుగువాని యెదుట నిలిచినవి. భారత ప్రభుత్వపు సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ తమిళము, హిందీల పిమ్మట తెలుగునకును ఒక ఉచిత సీడీని వెలువరించెను. అందు ఖతులు, కీబోర్డు సాధనములు, భారతీయ ఓపెన్ ఆఫీసు మున్నగునవి కలవు. అది ఆపరేటింగ్ సిస్టము కాదు. అందలి ఉపకరణములలో పెక్కు విండోస్‌పై నడచునవి. రెండవది ఉబుంటు. 2004 అక్టోబరున పుట్టిన ఈ పంపిణీ, కోరినవారికి సముద్రములు దాటించి డిస్కులను తపాలాలో ఉచితముగా పంపెడిది. మూడవది 2005 జూనున వెలువడిన డెబియన్ 3.1. దీనికి సార్జ్ అని మాఱుపేరు. డెబియన్ సంచికలకు బొమ్మల చలనచిత్రమైన టాయ్ స్టోరీలోని పాత్రల పేర్లు పెట్టుట ఆచారము. నాలుగవది హైదరాబాదుననే పుట్టినది. ఆంధ్రప్రదేశ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అను పేరుతో ఆరంభమై పిదప 'స్వేచ్ఛ' అను పేరు గైకొన్న సంస్థ, అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించెను. పైని చెప్పిన పదభేదమును ఒక సంస్థ తన పేరుగనే ధరించుట ముచ్చటైన విషయము.

ఈ నాల్గింటిలో ఏది మేలు? ప్రశ్న సులభముగ కనబడును గాని సమాధానము 700 మెగాబైట్ల హద్దుపై ఆధారపడియుండెను. ఉబుంటు ఒక్క డిస్కుతో పని ముగించుటయే తన గొప్పగా చెప్పుకొన్నది. ఒక్క డిస్కున అన్ని భాషల అనువాదములు పట్టవు. కొన్ని భాషలకే డిస్కున చోటిచ్చి, తక్కినవానిని అంతర్జాలమునుండి తెచ్చుకొనుడనుట దాని పద్ధతి. స్థాపన ముగిసిన పిదప నెట్టు ఉన్నవానికి తెలుగు వచ్చును, లేనివానికి రాదు. మాదాపురపు కార్యాలయములోని వానికి ఇది అడ్డంకియే కాదు. కాని అతనికి తెలుగు తెరతో పనిలేదు. తెలుగు తెర కావలసిన పల్లెటూరి పాఠశాలకు నెట్టు లేదు. ఈ వైపరీత్యమును గుర్తింపకున్నచో నాటి డిస్కుల చరిత్ర మనకు బోధపడదు.

డెబియన్ మార్గము వేఱు. అది ఉన్నదంతయు డిస్కులకెక్కించును. 2002 నాటి 3.0 సంచికకు సీడీలు 7. సార్జ్ నాటికి 14. 2007 నాటి 4.0కు 21. ఇన్నింటిలో మొదటి డిస్కు ఒక్కటియున్న చాలును, తక్కినవి అవసరమునుబట్టి. మఱి ఏ ప్యాకేజీ ఏ డిస్కున చేరవలెను? ఎక్కువమంది వాడునవి ముందు, తక్కువమంది వాడునవి వెనుక అనునది అచటి సూత్రము. వాడుకను లెక్కించుటకు 'పాప్యులారిటీ కాంటెస్ట్' అను చిన్న సాధనము కలదు; ఇష్టపడినవారి యంత్రములనుండి అది వారమువారము లెక్కను నెట్టుమీద పంపును. పైకి చూచిన ఇంతకన్న న్యాయమైన పద్ధతి లేదు. కాని డిస్కులపై ఆధారపడువాడు నెట్టు లేనివాడు. నెట్టు లేనివాని వాడుక ఆ లెక్కకు ఎక్కదు. ఎవరికొఱకు డిస్కుల వరుస కూర్చబడుచున్నదో, వారే ఆ వరుసను నిర్ణయించు గణనలో లేరు. డెబియన్ వారికి చిన్న భాషలయెడ నిర్లక్ష్యము లేదు. భాషలవారీగ ప్యాకేజీల సముదాయములను ఏర్పఱచి తెలుగునకును ఒకటి కూర్చిరి. దోషము మనుష్యులది కాక కొలబద్దదని మా అభిప్రాయము.

స్వేచ్ఛవంటి ప్రత్యేక డిస్కు విలువ ఇచట తేటపడును. ఖతులు, అనువాదములు, కీబోర్డు అన్నియు డిస్కుననే యుండి, తెఱవగనే తెలుగు కనబడునది అట్టి డిస్కే. పిల్లలకొఱకు 'బాల స్వేచ్ఛ' అను సంచికయు పిదప వచ్చినది. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్ చెన్నపట్టణ కేంద్రమునుండి 2007 జనవరిలో వెలువరించిన 'బాస్' లినక్సు సైతము భారతీయ భాషలను డిస్కుననే యుంచు సంకల్పముతో పుట్టినదే. ఐనను ఈ ప్రత్యేక డిస్కులకొక బలహీనత కలదు. మూలమైన పంపిణీ రెండుమూడేండ్లకొకమాఱు మాఱుచుండగా, దానితోబాటు పరుగెత్తుటకు పెద్ద బృందము, నిరంతర ధనము కావలెను. కొద్దిమంది స్వచ్ఛంద సేవకులకు అది తలకు మించిన భారము. అందుచే, ప్రత్యేక డిస్కునకై చేసిన అనువాదములలో మూలమునకు తిరిగి సమర్పింపబడినవి నిలిచినవి. డిస్కుననే యుండిపోయినవి డిస్కుతో పోయినవి. గ్నోమ్, కేడీఈ అను తెరవ్యవస్థలకును, డెబియన్ స్థాపకమునకును తెలుగు అనువాదములు చేసి మూలమున చేర్చినవారి శ్రమకు ఏ డిస్కుపైనను ముఖచిత్రము లేదు. ఐనను ఎవ్వడు ఏ డిస్కును ఎన్నుకొన్నను వారి తెలుగే వానికి కనబడుచున్నది.

ఆ తెలుగు ఎట్టిదని పాఠకులు అడుగవచ్చును. 'ఫైల్' అనుదానికి వారు స్థిరపఱచిన మాట దస్త్రము. ఇది సంస్కృతమునుండి కల్పించినది కాదు. హిందుస్థానీనుండి వచ్చి, తరతరములుగా కచేరీలలో కాగితపు కట్టలకు వాడుకైన మాట. కరణముల చేతిలో నలిగిన పదము కంప్యూటరు తెరపై తిరిగి ప్రాణము పోసికొనుట మాకు సంతోషము కలిగించినది. అన్ని పదములును ఇంత చక్కగ కుదిరినవని చెప్పజాలము. ఆంగ్లపు క్రియాపదమునకు తెలుగున నామమా, విధిరూపమా వాడవలెనన్న సందేహము పెక్కుచోట్ల తెగకయే యున్నది. దీనిని గూర్చి ప్రత్యేక వ్యాసమే వ్రాయదగును.

స్థాపనసమయమున కనబడు మొదటి తెరను గూర్చియు చెప్పవలెను. అచట భాషల పట్టిక యుండును. పాతకాలపు అక్షరతెర ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరమును నిలుపగలదే కాని, గుణింతములను ఒత్తులను కూర్చజాలదు. ఆంగ్లమునకది చాలును, తెలుగునకు చాలదు. కనుక చిత్రరూపమైన స్థాపకము వచ్చువఱకు ఆ పట్టికలో తెలుగు నిలుచుటకు వీలే లేదు. డెబియన్‌నందు అట్టి స్థాపకము 2007లో వచ్చినది. నేటికిని అక్షరతెరను ఎన్నుకొన్నవానికి పట్టికలో తెలుగు కనబడదు. డిస్కు ఒక్కటియే యైనను, దానిలో ఏ ద్వారమున ప్రవేశించితిమను దానిపై భాష ఆధారపడియున్నది. స్థాపింపకయే నడిపి చూచుటకు వీలిచ్చు లైవ్ సీడీ, 2000లో క్లాస్ క్నాపర్ క్నాపిక్స్ పేర వెలువరించినది, ఈ విషయమున గొప్ప మేలు చేసినది. తన యంత్రమున తెలుగు సరిగా కూడునో కూడదో చూచి, పిదప నిశ్చయించుకొను అవకాశమిచ్చినది.

ఎన్నుకొనుటకే వీలు లేని తెలుగువారును కలరు. నగరమునందలి డీటీపీ పనివారు, పుస్తకప్రచురణకర్తలు అను ఖతులతో పేజీమేకరునందు పని చేసెడివారు. అవి యూనికోడును అనుసరించునవి కావు, విండోస్‌పై మాత్రమే నడచునవి. ఏండ్ల తరబడి కూర్చిన పుస్తకములన్నియు ఆ ఖతుల సంకేతములలోనే యుండగా, ఎంత మేలైన లినక్సు డిస్కును చేతికిచ్చినను వారికది నిరుపయోగము. తెలుగును అందఱికంటె ఎక్కువగా టైపు చేయువారే స్వేచ్ఛా వ్యవస్థకు అందఱికంటె దూరమైరి.

వ్రాతప్రతులతో పోలిక మొదట తెచ్చితిమి గనుక, ప్రక్షిప్తముల సంగతిని విడువరాదు. నకలుపై నకలు తీసిన డిస్కు మూలముతో సరిపోలునా అని తెలిసికొనుటకు 'చెక్‌సమ్' అను సంఖ్యను పంపిణీదారులు ప్రకటింతురు. డిస్కునందలి ఒక్క బిట్టు మాఱినను ఆ సంఖ్య మాఱిపోవును. మన పరిష్కర్తలకు ఇట్టి సాధనమే యున్నచో ఎన్ని వివాదములు తప్పియుండెడివో! ఐనను దానిని సరిచూచు ఓపిక కొందఱకే కలదు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వారి వెబ్‌సైటులోనికి చొరబడిన దుండగులు, దొంగద్వారమును చేర్చిన కల్తీప్రతికి లంకెను మార్చివేసిరి. సంఖ్యను అదే పుటనుండి గైకొన్నవానికి రక్షణ లేదు. సంతకముతో కూడిన ప్రకటననుండి సరిచూచినవానికే అది కలదు.

ల్యాప్‌టాపులు వ్యాపించిన పిదప ఎన్నిక మఱొక రూపు దాల్చెను. వైఫై పరికరములలో పెక్కింటికి ఫర్మ్‌వేర్ అను లోపలి ప్రోగ్రాము కావలెను. దాని మూలరూపమును తయారీదారులు వెల్లడింపరు గనుక అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కాదు. డెబియన్ తన అధికారిక డిస్కున దానికి చోటీయక, వేఱుగ అనధికారిక డిస్కును ఒకమూల ఉంచెడిది. నియమమును పాటించు డిస్కును గైకొన్నచో నెట్టు రాదు. నెట్టు వచ్చు డిస్కును గైకొన్నచో నియమము నిలువదు. దీర్ఘచర్చ పిదప 2022లో సభ్యులు ఓటువేసి, ఫర్మ్‌వేరును అధికారిక డిస్కుననే చేర్చుటకు అంగీకరించిరి. 2023 జూనున వెలువడిన డెబియన్ 12తో అది అమలైనది. కొందఱు దీనిని ధర్మచ్యుతిగా భావించిరి. మాకట్లు తోచదు. మొదటి స్థాపనయే సాగనివానికి స్వేచ్ఛను గూర్చిన ఉపదేశము చేరునది ఎట్లు?

ఇంతలో డిస్కు యుగము గడిచిపోయినది. ఉబుంటు 2011లో ఉచిత డిస్కుల పంపకమును ఆపెను. 2012 అక్టోబరు సంచిక 700 మెగాబైట్ల హద్దును దాటెను. 2017 నాటి డెబియన్ 9తో పూర్తి సీడీల వరుసలు ఆగిపోయినవి. యూఎస్‌బీ పుల్ల ఆ చోటును ఆక్రమించెను. దానియందు తావునకు కొఱత లేదు గనుక, తెలుగును వెనుకకు నెట్టవలసిన కారణమును లేదు. కాని పాత డిస్కుల గతి యేమి? చేతితో కాల్చిన సీడీల రంగుపూత కాలక్రమమున చెడును. డెబియన్ తన పాత సంచికలను నేటికిని భద్రపఱచుచున్నది. పత్రికలతో వచ్చిన డిస్కులకు, కళాశాలలలో పంచిన తెలుగు డిస్కులకు అట్టి భాండాగారము కావలెను. తాళపత్రములను సేకరించిన మన గ్రంథాలయములు, విశ్వవిద్యాలయములు ఈ పని చేపట్టుటకు తగినవి. తెలుగు తెర తొలిరూపము ఎట్లుండెనో, ఏ మాట ముందు వచ్చినదో, ఏ మాట పిదప తొలగినదో తేల్చవలసిన పరిశోధకునకు ఆ డిస్కులే మూలప్రతులు.

2025 ఆగష్టు 9న వెలువడిన డెబియన్ 13, 32 బిట్ల పాత పీసీలకు స్థాపకమును ఇచ్చుట మానివేసినది. అట్టి యంత్రము ఏ పాఠశాల మూలనైనను మిగిలియున్నచో, దానికి నేడును డెబియన్ 12 స్థాపకమునే వెదకి తేవలెను. 2028 జూను వఱకు దానికి భద్రతా సవరణలు అందును. ఆ స్థాపకమును చిత్రరూపద్వారమున తెఱచినచో, మొదటి పట్టికలో తెలుగు కనబడును.